పాత మారుతి 800కి ఏ ప్లగ్ వైర్లు: మామూలు రబ్బరువా, సిలికాన్‌వా?

చెన్నైలో పాత కార్బ్యురేటర్ మారుతి 800 నడిపేవాళ్లు స్పేర్ పార్టుల బజారు పుదుపేటకి వెళ్తే కొట్టువాడు ప్లగ్ వైర్లు (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్లే తీగలు) రెండు రకాలు ముందు పెడతాడు.

మామూలు రబ్బరు తొడుగు, కార్బన్ కోర్ వైర్లు చవక. కానీ బోనెట్ కింది వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. లోపలి కార్బన్ పోగు, బూటు (వైరు చివర ప్లగ్గు మీద కూర్చునే తొడుగు) వదిలేసి వైరు పట్టుకు లాగితే తెగుతుంది; మెకానిక్‌లు చాలామంది అలాగే లాగుతారు! పగులులో వానాకాలం తేమ చేరితే కరెంటు బాడీకి దూకుతుంది, ఇంజిన్ మిస్సవుతుంది, అంటే తడబడుతుంది. రాత్రి చీకట్లో బోనెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, చేయి పెట్టకుండా చూడండి: నీలి మెరుపులు కనబడితే వైర్ల పని అయిపోయినట్టే.

సిలికాన్ తొడుగు దాదాపు 200 డిగ్రీల వేడికీ మెత్తగానే ఉంటుంది. ధర ఎక్కువ, పదునైన అంచు తగిలితే ఇట్టే చిరుగుతుంది. కాబట్టి క్లిప్పుల్లో సరిగ్గా కూర్చోబెట్టాలి.

రోజూ ట్రాఫిక్‌లో నలిగే బండికి నా ఓటు సిలికాన్‌కే. ఆదివారం మాత్రమే తీసే బండికి రబ్బరువి చాలు. ఏది వేసినా ముందు వైర్ల మీద పడే వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) ఆయిల్ లీకు ఆపించండి, అరిగిన ప్లగ్గులు మార్చండి. అరిగి కొనల మధ్య గ్యాప్ పెరిగిన ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ భారమంతా కొత్త వైరు మీదే పడుతుంది.