నికాన్ 180-600: అడవికి కొనండి, ఇండోర్ కోర్టుకు వద్దు

"పిట్టలూ తీయాలి, ఆటలూ తీయాలి, ఒక్క లెన్స్ చెప్పండి" అని అడిగే నికాన్ వాళ్లకు మొదట వినిపించే పేరు జడ్ 180-600 మి.మీ. ఎఫ్/5.6-6.3 వీఆర్. 2023లో వచ్చింది. మి.మీ. అంకె పెరిగే కొద్దీ దూరంలోనివి దగ్గరగా కనిపిస్తాయి, ఎఫ్ అంకె (అపర్చర్) తగ్గే కొద్దీ వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది, వీఆర్ అంటే చేతి వణుకును సరిచేసే ఏర్పాటు. ఆ ప్రశ్నలో మొదటి సగానికి ఇది మంచి జవాబే. రెండో సగం మాత్రం ఏ ఆట, ఏ వేళ, ఎక్కడ కూర్చుని తీస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ఆటలకు ఇది అసలు పనికిరాదు. కొనే ముందే తెలుసుకోవాల్సిన సంగతి అది.

కాలర్ (ట్రైపాడ్ బిగించే పట్టీ) తీసేస్తే బరువు 1,955 గ్రాములు, తగిలిస్తే 2,140. నికాన్ జడ్8 కెమెరా బాడీతో కలిపితే మూడు కిలోలు దాటుతుంది. అరగంట చేతిలో పట్టుకుని తీయొచ్చు. పొద్దంతా అంటే మాత్రం మోనోపాడో (ఒంటికాలి స్టాండు) బీన్ బ్యాగో (గింజల సంచి) ఉండాల్సిందే. ఫిల్టర్ సైజు 95 మి.మీ., కాబట్టి మంచి యూవీ ఫిల్టరుకు బాగానే ఖర్చవుతుంది. అది మానేసి హుడ్ ఎప్పుడూ తగిలించి ఉంచండి. ముందు గాజుకు ఫ్లోరిన్ పూత ఉంది, నీటి చుక్కలు, దుమ్ము సులువుగా తుడుచుకుపోతాయి.

దీని అసలు గొప్ప ఇంటర్నల్ జూమ్. 180 నుంచి 600కి తిప్పినా గొట్టం బయటికి సాగదు, తూకం మారదు. మోనోపాడ్ మీదా గింబల్ హెడ్ (బరువైన లెన్సును తూకంగా నిలిపి తిప్పుకునే పట్టు) మీదా ఒకసారి సరిచూసుకుంటే చాలు. తిప్పాల్సింది కూడా 70 డిగ్రీలే, పావు చుట్టు కన్నా తక్కువ. జింకల గుంపంతా ఫ్రేములో పెట్టుకుని, అందులో ఒకటి పరుగు అందుకోగానే వేళ్లు మార్చకుండా 600కి వెళ్లిపోవచ్చు. నికాన్ పాత 200-500 ఎఫ్/5.6 వాడినవాళ్లకు ఈ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది. అందులో రింగును పట్టు మార్చి రెండోసారి తిప్పాలి. సాగే లెన్సులకు ఇంకో ఇబ్బంది, జూమ్ చేసినప్పుడల్లా గాలిని లోపలికి లాక్కోవడం. సఫారీ జిప్సీ వెనక లేచే ఎర్రదుమ్ములో రోజుకు నాలుగైదు గంటలు తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇంటర్నల్ జూముతో నష్టమల్లా పొడవు. లెన్స్ సుమారు 31.5 సెంటీమీటర్లు, కుదించే దారి లేదు. బాడీతో కలిపి పెట్టుకోవాలంటే బ్యాగు లోపల 45 సెంటీమీటర్ల జాగా చూసుకోండి.

600 చాలుతుందా అన్నదానికి లెక్క సులభం. ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సరున్న) కెమెరాలో 600 దగ్గర, 20 మీటర్ల దూరాన ఫ్రేము వెడల్పు 1.2 మీటర్లు. ముప్పై సెంటీమీటర్ల పాలపిట్ట అందులో పావు వంతు. 24 మెగాపిక్సెళ్ల బాడీలో పిట్ట పొడవుకు సుమారు 1,500 పిక్సెళ్లు, 45 మెగాపిక్సెళ్ల బాడీలో రెండు వేలు. ఫోనులో చూపించడానికీ, చిన్న ప్రింటుకూ సరిపోతుంది. గోడకు పెట్టే ప్రింటు కావాలంటే పదిహేను మీటర్ల లోపుకు చేరాలి. పులి సంగతి వేరు. పదిహేను మీటర్లలో దారి దాటుతుంటే 600లో వచ్చేది తొంభై సెంటీమీటర్ల వెడల్పు, అంటే ముఖమూ భుజాలూ. 180కి తగ్గిస్తే మూడు మీటర్లు, తోకతో సహా పడుతుంది. ఆటపాక దగ్గర కొల్లేటి పడవల్లో గూడబాతులు అంతే దగ్గరగా వచ్చి రెక్కలు విప్పుతాయి. ఆ రెక్కలు రెండున్నర మీటర్ల దాకా ఉంటాయి, 180 దగ్గర కూడా అంచులు కోసుకుపోయే ప్రమాదముంది. అలాంటిచోట రెండో బాడీకి 70-200 లేదా 24-120 తగిలించుకుని మెడలో వేసుకోండి.

ఇక వెలుతురు. ఎఫ్/2.8కీ ఎఫ్/6.3కీ మధ్య రెండుంపావు స్టాపులకు కొంచెం ఎక్కువే తేడా (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ఎఫ్/2.8లో ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె, పెరిగితే నాయిస్ అనే చుక్కలూ పెరుగుతాయి) 3200 చాలే చోట, అదే షట్టరుకు ఇక్కడ 16000 పెట్టాలి. తెల్లవారుజామున అమ్రాబాద్ లాంటి అడవిలో నిలబడ్డ జంతువును 1/320 సెకనులో, 6400 దగ్గర తీసుకోవచ్చు. అదే జంతువు కదిలిందంటే 1/1000 కావాలి, ఐఎస్ఓ 20000కి చేరుతుంది. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బాగానే ఉంది గానీ బొచ్చులోని సన్నని గీతలను మొదట మింగేసేదీ అదే. తెరిచిన ఎఫ్/6.3లోనే 600 దగ్గర వాడుకోదగ్గ పదును వస్తుంది. ఎఫ్/8కి మూస్తే కాస్త మెరుగు. ఆ కాస్త కోసం ఐఎస్ఓను మూడింట రెండు స్టాపులు పెంచడం దండగ.

ఈ లెక్కనే కెనాన్ ఆర్ఎఫ్ 200-800 మీద పెట్టి చూడండి. 800 అన్న అంకె చూసి మనసు పారేసుకునేవాళ్లు ఎక్కువ. అక్కడ అపర్చర్ ఎఫ్/9. 800ను 9తో భాగిస్తే 89 మి.మీ., 600ను 6.3తో భాగిస్తే 95. ఇవి వెలుతురు వచ్చే రంధ్రపు అడ్డకొలతలు, పిట్ట నుంచి లెన్స్ లోపలికి చేరే వెలుతురు వీటిని బట్టే ఉంటుంది. అంటే 600తో తీసి క్రాప్ చేసినవాడికి నాయిసులో నష్టమేమీ లేదు, పోయేది పిక్సెళ్లు మాత్రమే. 800 కోణానికి క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్లలో 13.5 మిగులుతాయి, 45లో 25. కాబట్టి 24 మెగాపిక్సెళ్ల కెనాన్ బాడీ ఉన్నవాళ్లకు 200-800లో నిజమైన లాభముంది. అది సాగే లెన్సు, 2,050 గ్రాములు. కెనాన్‌లో నడిచి తిరిగేవాళ్లకు 100-500 ఎఫ్/4.5-7.1 మేలు. కాలర్ లేకుండా 1,365 గ్రాములే, ఫిల్టరు 77 మి.మీ. దానికి ఎక్స్‌టెండర్ (లెన్సుకూ బాడీకీ మధ్య తగిలించి దూరాన్ని ఇంకా దగ్గర చేసేది) తగిలిస్తే 300 కన్నా కిందికి జూమ్ తగ్గదు, ఈ మెలిక గుర్తుంచుకోండి.

నికాన్‌లో అదే పని చేసే టెలికన్వర్టర్ 1.4 తగిలిస్తే ఈ 180-600 కాస్తా 252-840 అవుతుంది, అపర్చర్ చివర ఎఫ్/9. ఎండ బాగా ఉండి, పిట్ట దగ్గరగా ఉండి, చేతిలో 24 మెగాపిక్సెళ్ల బాడీ ఉంటే ఉపయోగమే. జడ్8, జడ్9 వాళ్లు డీఎక్స్ క్రాప్ (ఫ్రేము నడిమి భాగాన్నే తీసుకోవడం) నొక్కితే సుమారు 19 మెగాపిక్సెళ్లు ఎలాగూ వస్తాయి, ఆ డబ్బు మిగిలినట్టే. రెండింతల కన్వర్టర్ గురించి ఆలోచించకండి. ఎఫ్/13 దగ్గర ఫోకస్ తడుముకుంటుంది.

ఆటల్లో పగటి క్రికెట్ దీనికి సొంతిల్లు. బౌండరీ దగ్గర నుంచి పిచ్ 70 మీటర్లు అనుకుంటే 600లో ఫ్రేము 4.2 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు. బ్యాటరు, స్టంపులు, వికెట్ కీపరు హాయిగా పడతారు. బంతి బ్యాటుకు తగిలే క్షణానికి 1/2000 పెట్టండి, ఎండలో ఐఎస్ఓ 800 దాటదు. పగటి ఫుట్‌బాల్‌కు మధ్య మైదానం వరకూ బాగుంటుంది, మీరు కూర్చున్న గోల్ దగ్గరికి ఆట వచ్చిందంటే 180 కూడా ఎక్కువైపోతుంది. పరుగు పందెంలో ముగింపు గీత వెనక, దూరంగా నిలబడి ఎదురుగా తీస్తే 400-600 మధ్య ఫ్రేములు చాలా అందంగా వస్తాయి.

కబడ్డీకీ బ్యాడ్మింటన్‌కూ మాత్రం దీన్ని తీసుకెళ్లకండి. కబడ్డీ మ్యాట్ 13 మీటర్ల పొడవు, మీరు కూర్చునేది దాని అంచునే. అయిదు మీటర్లలో ఉన్న రైడరును 180లో పట్టితే మీటరు వెడల్పే, చెయ్యో మొహమో తప్ప మరేదీ రాదు. జిల్లా స్థాయి ఇండోర్ హాళ్లలో ఎఫ్/2.8, 1/1000కే ఐఎస్ఓ 3200-6400 అడుగుతుంది, ఎఫ్/6.3లో 32000 దాకా పోతుంది. ఇక్కడ కావాల్సింది 70-200 ఎఫ్/2.8, పాతదైనా సరే. దీపాల మిణుకు ఇంకో గొడవ. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులూ కొన్ని ఎల్‌ఈడీలూ సెకనుకు వందసార్లు మిణుకుతాయి. ఒక ఫ్రేము పసుపుగా, పక్కది చీకటిగా వస్తోందంటే లెన్సును తిట్టకండి. కెమెరాలో ఫ్లికర్ రిడక్షన్ వేయండి.

ఫోకస్ మోటారు ఎస్టీఎం (స్టెప్పింగ్ మోటారు). ఎగిరే కొంగలకు, పరుగెత్తే జింకలకు వెనకబడదు. ఎదురుగా దూసుకొచ్చే చిన్న పిట్ట దగ్గర మాత్రం ఖరీదైన ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుల వేగం ఉండదు. ఎక్కువమంది పడే తిప్పలు వేరు. ఫోకస్ దగ్గరి దూరంలో ఇరుక్కుని ఉంటే ఆకాశంలో పిట్ట కెమెరాకు కనపడనే కనపడదు, ఫ్రేమంతా మసక. పిట్ట ఉండబోయే దూరంలోని చెట్టు మీద ముందే ఒకసారి ఫోకస్ చేసి పెట్టుకోండి, లిమిటర్ స్విచ్ వేసి దగ్గరి దూరాలను వదిలేయమనండి. బాడీలో బర్డ్ డిటెక్షన్ ఉంటే ఆన్ చేయండి. ఎగిరే పిట్టకు 1/2500 తక్కువ కాకూడదు.

"600లో పదును లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వేడెక్కి వణికే గాలి చేసే పని. ఉదయం పది దాటాక పులికాట్ లాంటి చదునైన బురదనేల మీదుగా నూరు మీటర్ల దూరాన ఫ్లెమింగోలను తీస్తే, ఏ లెన్సయినా నీళ్లలో నీడలాంటి బొమ్మే ఇస్తుంది. ఏసీ వేసిన కారు అద్దం దించి తీసినా అంతే, చల్లగాలీ వేడిగాలీ కలిసే చోటు లెన్స్ ముందే ఉంటుంది. ఏసీ ఆపి, పది నిమిషాలు అద్దాలు దించి ఉంచండి.

వీఆర్‌కు లెన్స్ మీద స్విచ్ లేదు, కెమెరా మెనూలోకి వెళ్లాలి. కూర్చున్న పిట్టకు నార్మల్, పడవలోనూ ఎగిరేవాటికీ స్పోర్ట్.

లెన్స్ కింది ట్రైపాడ్ కాలుకు ఆర్కా గాడి (ట్రైపాడ్ హెడ్‌లోకి నేరుగా జారేది) లేకపోవడం ఈ ధరలో పిసినారితనమే. విడిగా ప్లేటు కొనాలి. ఒక్క స్క్రూతో బిగించిన ప్లేటు నెమ్మదిగా వదులై లెన్సంతా పక్కకు తిరుగుతుంది, తిరగకుండా పట్టే అంచు ఉన్న ప్లేటు తీసుకోండి. జిప్సీలో ట్రైపాడ్ నిలవదు. బీన్ బ్యాగులో మూడింట రెండు వంతులు బియ్యమో పెసలో పోసి కడ్డీ మీద వేసుకోండి, నిండా పోస్తే లెన్స్ దొర్లుతుంది.

సోనీలో దీనికి జోడీ 2019 నాటి 200-600, అదీ ఇంటర్నల్ జూమే, బరువు 2,115 గ్రాములు. విడుదలప్పుడు అమెరికాలో దాని ధర సుమారు 2,000 డాలర్లు, నికాన్‌ది 1,700. ఉన్న బాడీలు అమ్మి ఒకదాని కోసం ఇంకోదానికి మారేంత తేడా వాటి మధ్య లేదు. బయటి కంపెనీలైన సిగ్మా, టామ్రాన్ జూములు సోనీ బాడీల మీద సెకనుకు 15 ఫ్రేములు దాటవు, సోనీ టెలికన్వర్టర్లూ వాటికి పట్టవు.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. ట్రైపాడ్ మీద, వీఆర్ ఆపి, 600 దగ్గర, ఎఫ్/6.3లో, పదిహేను మీటర్ల దూరాన గోడకు అంటించిన దినపత్రికను తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి మళ్లీ చేస్తూ మూడు ఫ్రేములు. ఎడమ అంచు పదునుగా, కుడి అంచు మసకగా మూడింటిలోనూ ఒకేలా ఉంటే పత్రిక వంకరగా లేదని చూసుకుని, వేరే పీసు అడగండి. పాతది కొంటుంటే ముందు నుంచి టార్చి వేసి వెనక నుంచి చూడండి, దారాల్లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా తీసుకోవద్దు. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు లెన్సుతో పాటే డ్రై బాక్స్ కొనండి, తేమ 40-50 శాతం మధ్య ఉంచితే చాలు.