రోళ్లు పగిలే ఎండల్లో మ్యాగ్నీషియా-సిలికా బైండర్: పనికొస్తుందా?

సిమెంటుకు బదులు వాడే ఈ బైండర్ ఫ్లోర్ టైల్స్, పేవర్ బ్లాకులు పోసేవాళ్లకు మంచి సరుకే. కాకపోతే హన్మకొండ, కాజీపేట సైట్లలో పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పైపుతో నీళ్లు కొట్టే క్యూరింగ్ దీనికి సరిపోదు.

వచ్చేది రెండు సంచులు: లైట్ బర్న్‌డ్ (తక్కువ వేడిలో కాల్చిన) మ్యాగ్నీషియా, మైక్రోసిలికా (చాలా మెత్తటి సిలికా పొడి). మోసమంతా మొదటి సంచిలోనే. సుమారు 700 నుంచి 1000 డిగ్రీల మధ్య కాల్చిన పొడి అయితేనే నీళ్లతో చురుగ్గా కలుస్తుంది. కొలిమి ఇటుకలకు వాడే రకం, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చిన డెడ్ బర్న్‌డ్, అంటగడితే కలిపిన రోజు ఉలకదు పలకదు. గట్టిపడ్డాక మెల్లగా నీళ్లు పీల్చి ఉబ్బి బ్లాకును చీలుస్తుంది. అనుమానముంటే కొత్త పొడినీ, పాత మంచి పొడినీ ఒకే కొలత నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే మందు) కలపండి. ముందు గులాబీ రంగుకు తిరిగిందే చురుకైనది.

పాళ్లు: మ్యాగ్నీషియా 4 కిలోలు, మైక్రోసిలికా 6 కిలోలు, నీళ్లు 5 లీటర్లు. 100 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌ను ఆ నీళ్లలో ముందే కరిగించాలి. అది లేకపోతే పొడి నీళ్లు తాగుతూనే ఉంటుంది, మేస్త్రీ మగ్గు మీద మగ్గు పోస్తాడు, బలం అక్కడే పోతుంది.

ఇక అసలు సంగతి క్యూరింగ్. మ్యాగ్నీషియా ముందు నీళ్లతో కలిసి బ్రూసైట్ (మెగ్నీషియం హైడ్రాక్సైడ్) అవుతుంది. సిలికా నిదానంగా కరిగి దానితో కలిస్తేనే బలమిచ్చే జెల్ తయారవుతుంది. ఇది వారాల పని, అన్నాళ్లూ లోపల తడి ఉండాలి. మే నెలలో ఆరుబయట వదిలేస్తే పైపొర ఎండి సాలెగూడులా పగుళ్లు వస్తాయి, గోటితో గీకితే తెల్లపొడి రాలుతుంది. ఒట్టి గోనె సంచి కప్పినా అంతే, అది ఎండగానే బ్లాకులోని తడిని లాగేస్తుంది.

పోసిన వెంటనే రెండు పొరల పాలిథిన్ కప్పి, అంచులకు ఇసుక ఒత్తండి. రెండు రోజులకు అచ్చు తీసి, మళ్లీ చుట్టి 28 రోజులు ఉంచండి. తడి పోకపోతే వేడి దీనికి మేలే. 50 డిగ్రీల దగ్గర బలం త్వరగా వస్తుంది. ఆ లెక్కన మన ఎండ వరమే, పాలిథిన్ చిరగనంత వరకు. నీళ్ల తొట్టి కూడా మంచిదే, కానీ గట్టిపడకముందే ముంచితే అంచులు కరిగిపోతాయి. చలికాలం ఇంకొన్నాళ్లు ఆగాలి. 7 రోజులకే క్యూబ్ (బలం పరీక్షకు పోసిన దిమ్మ) చూసి తీర్పు చెప్పొద్దు.

ఇనుప రాడ్డు ఉన్న పనికి వద్దు. దీని పీహెచ్ 10 చుట్టూనే ఉంటుంది, తుప్పును ఆపే క్షారం ఇందులో లేదు. ఖర్చు మామూలు సిమెంటుకన్నా ఎక్కువే. విప్పిన మ్యాగ్నీషియా సంచిని గట్టిగా కట్టి పెట్టండి, వానాకాలం గాలి తడికే సగం చచ్చిపోతుంది.