మొదటి సినిమాకు మనమే నిర్మాతలం కావాలా, నిర్మాతను వెతుక్కోవాలా: ఏది మేలు?

2018 సెప్టెంబర్ 7న రెండు తెలుగు సినిమాలు ఒకే రోజు థియేటర్లకు వచ్చాయి. వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం', ఫణీంద్ర నర్సెట్టి తీసిన 'మను'. ఇద్దరికీ అదే మొదటి సినిమా. మొదటిదానికి ఒక్కరే నిర్మాత, అమెరికాలో డాక్టర్‌గా ఉన్న ప్రవీణ పరుచూరి. రెండోదానికి వందమందికి పైగా తలా కొంత వేసుకున్నారు. ఇవి రెండూ కాక, సొంత డబ్బు పెట్టుకోవడం అనే మూడో దారి ఎప్పటినుంచో ఉంది. ఊళ్లో అరెకరం అమ్మేసి సినిమా తీసేద్దామనుకునే కుర్రాళ్లను తరచూ కలుస్తుంటాను కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను.

సొంత డబ్బు అనగానే అందరూ చెప్పే పేరు శేఖర్ కమ్ముల. 'డాలర్ డ్రీమ్స్' అలాగే తీశారు, తొలిచిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. కానీ అది 2000లో. 'ఆనంద్' వచ్చింది 2004లో, అదీ కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ చేయి కలిపితే. ఆ నాలుగేళ్ల సంగతి ఎవరూ చెప్పరు. 'మల్లేశం' తీసిన రాజ్ రాచకొండ దర్శకుడూ ఆయనే, నిర్మాతా ఆయనే. కానీ ఆయన అంతకుముందే అమెరికాలో ఉద్యోగం చేసి నిలదొక్కుకున్న మనిషి. పొలం అమ్మిన కుర్రాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

చిన్న సినిమాలకు కో-డైరెక్టర్‌గా పనిచేసిన రోజుల్లో ఒకటి చూశాను. సాయంత్రం అయిదున్నర, చెరువు గట్టు మీద చివరి షాట్. అమ్మాయి ఏడవాలి, ఏడుపు రావడం లేదు. ఇంకో రెండు టేకులు తీస్తే వచ్చేదే. మా డైరెక్టర్ మానిటర్ చూడటం మానేసి మేనేజర్ వైపు చూశాడు. ఆరు దాటితే లైట్‌మెన్ నుంచి డ్రైవర్ దాకా అందరికీ అదనంగా బేటా, అంటే భత్యం, ఇవ్వాలి, ఆ డబ్బు తనదే. "ఓకే, ప్యాకప్" అన్నాడు. ఎడిటింగ్‌లో ఆ షాట్‌ను తిప్పి తిప్పి చూసి చివరికి తీసేశాడు. వేరే నిర్మాత ఉంటే ఆ టేకుల కోసం ఆయనతో గొడవపడేవాడు. తనతో తను ఎలా గొడవపడతాడు? సొంత డబ్బుతో స్వేచ్ఛ వస్తుందంటారు. కథ రాసేటప్పుడు వస్తుంది, నిజమే. సెట్‌లో మాత్రం సాయంత్రమయ్యేసరికి ఆ స్వేచ్ఛ పోతుంది.

పైగా సొంత డబ్బు సాధారణంగా ఫస్ట్ కాపీతోనే, అంటే సినిమా పూర్తిగా తయారయ్యేసరికే, అయిపోతుంది. సెన్సార్, పోస్టర్లు, పబ్లిసిటీ, థియేటర్ అద్దెలు, డిజిటల్ ప్రొజెక్షన్‌కు కట్టే వీపీఎఫ్, అన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. హార్డ్‌డిస్క్ బీరువాలోనే ఉండిపోయిన సినిమాలు నాకు తెలుసు.

ఇక 'మను'లా పదిమంది డబ్బుతో తీస్తే క్లైమాక్స్ మార్చమని పట్టుబట్టే ఒకే యజమాని ఉండడు. కన్నడంలో పవన్ కుమార్ 'లూసియా' 2013లో అలాగే వచ్చింది, హీరో మీద ఆధారపడని కథకు ప్రేక్షకులే డబ్బు పెట్టారు. నాకు ఈ పద్ధతంటే గౌరవం. కాకపోతే డబ్బు పెట్టిన ప్రతి మనిషీ "రిలీజ్ ఎప్పుడు?" అని ఫోన్ చేస్తాడు, అడిగే హక్కు ఆయనకు ఉంది. వందమందికి లెక్క చెప్పడమంటే అదో ఉద్యోగం. ఆడిటర్ లేకుండా, కాగితం రాసుకోకుండా స్నేహితుల దగ్గర రూపాయి కూడా తీసుకోవద్దు.

నా ఓటు నమ్మే ఒక్క నిర్మాతకే. 'కంచరపాలెం'లో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, అంతకుముందు కెమెరా ముందుకు రాని మనుషులు. నిర్మాత "హీరో ఎవరు?" అని అడిగి ఉంటే ఆ సినిమానే లేదు. ప్రవీణగారు అడగకపోగా తనే సలీమా పాత్ర కూడా వేశారు. సినిమా పూర్తయ్యాక న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లింది, ఆ తర్వాత రానా, సురేష్ ప్రొడక్షన్స్ సమర్పణలో జనం ముందుకొచ్చింది. రెండేళ్ల ముందు 'పెళ్లిచూపులు'కు కూడా చివర్లో అండగా నిలిచింది ఆ సంస్థ నడిపే సురేష్‌బాబే. సినిమాను సరైన మనిషికి సరైన సమయంలో చూపించగలిగేవాళ్లే అసలు నిర్మాత. దర్శకుడు ఆ పని చేయబోతే రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే పోతాయి, రెండో కథ రాయడు.

అలాంటి నిర్మాత దొరకడం కష్టమే, ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా సొంత డబ్బును షార్ట్ ఫిల్మ్‌కు పెట్టండి, 'పెళ్లిచూపులు' తీసిన తరుణ్ భాస్కర్ మొదలైంది అక్కడే. అయినా సరే నేనే తీస్తానంటారా? డబ్బులో మూడో వంతు విడుదలకు పక్కన పెట్టి, సంచి మాత్రం ఇంకొకరి చేతికివ్వండి, సెట్‌లో మీరు లెక్కలు చూడకూడదు.

నిర్మాత దొరికితే మొదటి మీటింగ్‌లోనే "ఫస్ట్ కాపీ వచ్చాక ఎవరికి చూపిద్దామండీ?" అని అడగండి. జవాబు విన్నాకే అగ్రిమెంట్. అందులో రీమేక్, డబ్బింగ్ హక్కుల్లో మీ వాటా ఎంతో రాయించుకోండి. మొదటి సినిమా కదా అని మొహమాటపడి అడ్వాన్స్ చెక్కు తీసుకుని సంతకం పెట్టేస్తే, రేపు మీ కథ తమిళంలో వచ్చినా టికెట్ కొనుక్కునే చూడాలి.