నైలు తీరంలో బీరు, వైన్: తొలి రాజ్యానికి ఏది మేలు?

ఎగువ ఈజిప్టు, అంటే దక్షిణ ఈజిప్టులోని అబైడాస్ అనే ప్రాచీన స్థలంలో బీరు, వైన్‌ల పోలికకు రెండు వైపులా సాక్ష్యం దొరికింది. క్రీ.పూ. 3150 ప్రాంతానికి చెందిన ఒక రాజసమాధి గదుల్లో సుమారు 700 జాడీలు బయటపడగా, వాటి అడుగున మిగిలిన మడ్డిని పరీక్షించినవారు అది వైన్ అని, అందులో చెట్టు బంక కూడా కలిసి ఉందని తేల్చారు. అదే అబైడాస్‌లో, ఈజిప్టు తొలి రాజుల్లో ఒకడైన నార్మెర్ కాలానిదిగా భావిస్తున్న ఒక బీరు తయారీశాల వివరాలను ఈజిప్టు ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అందులో 20 మీటర్ల పొడవున్న విభాగాలు 8 ఉన్నాయి. ఒక్కొక్క విభాగంలో రెండు వరుసలుగా 40 దాకా మట్టి తొట్లు అమర్చి ఉన్నాయి. ఒక విడతకు సుమారు 22,400 లీటర్లు తయారయ్యేదని తవ్వకందారుల అంచనా.

వైన్‌కు ఉన్న గొప్ప బలం నిల్వ. మూతి బిగించిన జాడీలో అది నెలల తరబడి చెడకుండా ఉంటుంది, దూరప్రయాణాన్ని తట్టుకుంటుంది, కానుకగానూ సమాధిలో పెట్టే వస్తువుగానూ పనికివస్తుంది. అయితే నైలు లోయలో ద్రాక్ష సహజంగా పెరిగేది కాదు. తొలినాళ్లలో వైన్ తూర్పు మధ్యధరా తీరం నుంచి రావలసి వచ్చింది, డెల్టాలో రాజతోటలు వేసిన తరువాత కూడా పంట ఏడాదికి ఒక్కసారే చేతికి వచ్చేది. అందుచేత అది ప్రధానంగా రాజులు, సంపన్నుల పానీయంగానే మిగిలింది.

బీరు సంగతి వేరు. ఎమ్మర్ గోధుమను గాని బార్లీని గాని కొంత మొలకెత్తించి, కొంత ఉడికించి, రెండూ కలిపి పులియబెడితే చిక్కని, కడుపు నిండే ద్రవం తయారవుతుంది. ఈనాటి సీసా బీరును ఊహించుకుంటే పొరపాటు. దానిని పానీయం అనడం కంటే జావ అనడమే సబబనిపిస్తుంది. దాని లోపమల్లా త్వరగా పులిసిపోవడం. ఉదయం దించిన కల్లు సాయంత్రానికి ఏమవుతుందో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నా దృష్టిలో తూకం తేలేది ఇక్కడే. ద్రాక్ష నిల్వ ఉండదు కనుక దానిని వెంటనే వైన్‌గా మార్చక తప్పదు. బీరు నిల్వ ఉండదు గాని దాని ముడిసరుకైన ధాన్యం గాదెలో ఏళ్ల తరబడి ఉంటుంది. పన్నును ధాన్యరూపంలో వసూలుచేసి, వేలమందికి ఏడాది పొడవునా కూలి ఇవ్వవలసిన రాజ్యానికి ఈ రెండో ఏర్పాటే అనువైనది. కాబట్టి రాజు మర్యాదకు వైన్ మేలు కావచ్చును గాని, రాజ్యం నడవడానికి బీరే మేలు.

తరువాతి కాలంలో రాజసమాధులను తొలిచిన దైర్ ఎల్-మదీనా అనే ఊరి పనివారి జీతపు లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. ఒక్కొక్క పనివాడికి నెలకు రొట్టె కోసం 4 ఖార్ల ఎమ్మర్, బీరు కోసం ఒకటిన్నర ఖార్ల బార్లీ కొలిచి ఇచ్చేవారు. ఖారు అంటే సుమారు 76 లీటర్ల కొలత. సర్కారు కొలిచి ఇచ్చింది గింజలనే. వాటిని బీరుగా మార్చుకొనే పని పనివారి ఇళ్లకే వదిలివేసింది.