ఫుషిమి ఇనారియా, ఇసేనా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

జపాన్‌లోని క్యోటోలో మకాం చేసి, షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయ దర్శనానికి ఒక్క రోజు మాత్రమే కేటాయించగలిగినవారు ఆ నగరంలోనే ఉన్న ఫుషిమి ఇనారి ఆలయానికి వెళ్లాలా, దూరంగా ఉన్న ఇసే ఆలయానికి వెళ్లాలా అని నన్ను తరచూ అడుగుతుంటారు.

సౌకర్యంలో ఇనారికి సాటి లేదు. క్యోటో స్టేషన్ నుంచి రెండో స్టాపులోనే దిగవచ్చు. ప్రవేశ రుసుము లేదు, రేయింబవళ్లు తెరిచే ఉంటుంది. 711లో వెలిసిందని చెప్పే ఈ క్షేత్రంలో, 233 మీటర్ల కొండ మీదికి సాగే దారి పొడవునా వేలాది ఎర్రని తోరీ ద్వారాలు నిలిచి ఉంటాయి. ఎక్కేటప్పుడు ఎరుపొక్కటే కనిపిస్తుంది గానీ, దిగేటప్పుడు చూస్తే స్తంభాల వెనుక వైపున నల్లని అక్షరాల్లో దాత పేరు, సమర్పించిన తేదీ ఉంటాయి. వాటిలో చాలావరకు వ్యాపారం కలిసిరావాలని మొక్కుకున్నవారివే.

ఇసేకు రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. ఆనవాయితీ ప్రకారం ముందు గేకూను (బయటి ఆలయం), తర్వాత సూర్యదేవత అమతెరాసు కొలువైన నైకూను (లోపలి ఆలయం) దర్శించాలి. ప్రధాన మందిరం నాలుగు వరుసల కంచెల వెనుక ఉంటుంది. మనం తెల్లని తెర వేలాడే ద్వారం దగ్గరే ఆగి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు చరిచి, మళ్లీ ఒకసారి వంగి నమస్కరించాలి. అక్కడ ఫొటోలు కూడా తీయనివ్వరు కాబట్టి, ఇంత దూరం వచ్చి చూసిందేమిటని నిరాశపడేవారూ ఉన్నారు.

అయినా నా మొగ్గు ఇసే వైపే. అందుకు కారణం మందిరం పక్కనే, అంతే కొలతతో ఖాళీగా ఉండే స్థలం. రంగు వేయని హినోకి (జపాన్ సైప్రస్) కలప స్తంభాలను నేరుగా నేలలో పాతి, పైన గడ్డి కప్పిన కట్టడం ఎక్కువ కాలం నిలవదు. అందుకే 20 ఏళ్లకొకసారి ఆ పక్క స్థలంలో అదే మందిరాన్ని కొత్తగా కట్టి దేవతను తరలిస్తారు. 690లో మొదలైన ఈ క్రతువు 15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల కాలంలో నూరేళ్లకు పైగా ఆగినా మళ్లీ సాగింది. 62వది 2013లో జరిగింది, తర్వాతిది 2033లో. ఇరవయ్యేళ్ల వయసులో పని నేర్చుకున్న వడ్రంగి నలభైలో తానే ముందుండి కట్టగలడు. విద్య చేతుల్లోంచి చేతుల్లోకి సాగాలంటే ఆ గడువే సరైనదని నాకనిపిస్తుంది.

టోక్యోలోనే ఉండేవారికి 1920 నాటి మెయిజీ ఆలయం చాలు. సముద్రంలో నిలిచిన తోరీ కోసమైతే హిరోషిమా దగ్గరి ఇత్సుకుషిమా ఆలయానికి వెళ్లవచ్చు గానీ, క్యోటో నుంచి అది దూరాభారం.

ఇసేకు వెళ్లినవారు నైకూకు దారితీసే ఉజి వంతెనకు లోపలి కొసన ఉన్న తోరీ దగ్గర కాసేపు ఆగండి. దాని స్తంభాలు పాత నైకూ మందిరపు దూలాన్ని మోసినవే. మన కంటబడకుండా ఇరవయ్యేళ్లు కంచెల వెనుక ఉన్న ఆ కలప కిందుగానే మనం నడిచివెళతాం.