అహోబిలం కొండకు సంచిలో ఏం పెట్టుకోవాలి, గదిలో ఏం వదిలేయాలి

అహోబిలం వెళ్తున్నాం, ఏమేం పట్టుకెళ్ళాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది రాత్రి ఎక్కడ ఉంటున్నారని. దిగువ అహోబిలంలో ముందురోజు రాత్రికే గది తీసుకుంటే వీపు మీద బరువు సగానికి సగం తగ్గిపోతుంది. పొద్దున దిగి, కొండెక్కి, సాయంత్రానికల్లా తిరుగుబండి ఎక్కేద్దాం అనుకునేవాళ్ళు మాత్రం మార్చుకునే బట్టలు, ఛార్జర్లు, ఇంటికి కొన్న ప్రసాదాలు అన్నీ మోసుకుంటూ ఎక్కాలి, లేదంటే కారులో పడేసి కారు గురించి టెన్షన్ పడుతూ ఎక్కాలి. నల్లమలలో ఒక పూట నడకకి రెండూ అక్కర్లేని తలనొప్పులే.

ఆళ్ళగడ్డ నుంచి 30 కిలోమీటర్ల లోపే దిగువ అహోబిలం, అక్కడి నుంచి ఎగువకి ఇంకో 8 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. బస్సులు, ఆటోలు ఉన్నాయి. దిగువలో ఏపీ టూరిజం వాళ్ళ హరిత హోటల్, మఠం వాళ్ళ అతిథి గృహం, కొన్ని సత్రాలు, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. కారులో వచ్చే కుటుంబాలకు హరిత నయం, బండి పెట్టుకోవడానికి చోటుంటుంది, తిండి అక్కడే దొరుకుతుంది. గుడికి దగ్గరగా, ఆడంబరం లేకుండా ఉంటే చాలనుకుంటే మఠం వైపు చూడండి. స్వాతి నక్షత్రం రోజుల్లో, శని ఆదివారాల్లో, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం గది ఖాయం చేసుకోకుండా బయల్దేరొద్దు.

మొన్నటి చలికాలం మేం దిగింది ఒక ప్రైవేటు లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు ఏడింటికి గానీ రావన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. కొండెక్కేవాడికి ఏడింటికి వేడినీళ్ళెందుకు! గది చూసేటప్పుడు టీవీ ఉందా, ఏసీ ఉందా అని కాదు అడగాల్సింది, ఐదింటికి నీళ్ళొస్తాయా, గేటు తీస్తారా, కాఫీ దొరుకుతుందా అని అడగండి. ఈ మూడింట్లో రెండింటికి అవునన్నా తీసేసుకోండి.

ఇక నడక సంగతి. ఎగువ అహోబిలం గుడి దాటాక భవనాశి వాగు పక్కన పడి వెళ్తే ముందు వరాహ నరసింహుడి గుడి వస్తుంది. అక్కడి నుంచి దారి చీలి ఒకటి మాలోల నరసింహుడి గుడికి, ఇంకొకటి జ్వాలా నరసింహుడి గుడికి వెళ్తుంది. జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎగువ గుడి నుంచి సుమారు 4 కిలోమీటర్లు. వినడానికి పెద్ద దూరమేం కాదు. కానీ మొదటి సగం వాగులో గుండ్రటి బండల మీద, నీళ్ళున్నచోట నీళ్ళలో, లేనిచోట గులకరాళ్ళలో నడవాలి. రెండో సగం మెట్లు. రెండింటికీ ఒకే చెప్పు పనికిరాదు, కానీ రెండు జతలు మోసుకెళ్ళలేం కదా, అందుకే ఏ జత అన్నదే ఈ యాత్రలో అసలు ప్రశ్న.

నా మట్టుకు వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్సే ఓటు. తడిసినా బాధ లేదు, గుడి దగ్గర విప్పడం తేలిక, పాచి పట్టిన బండ మీద రబ్బరు అడుగు కాస్త పట్టు ఇస్తుంది. హవాయి చెప్పులు వాగులో కొట్టుకుపోవడం కళ్ళారా చూశాను, ఒక పెద్దాయన ఒంటి చెప్పుతో నిలబడి రెండోదానికి టాటా చెప్పి ఆ ఒక్కటీ కూడా విసిరేసి నడిచాడు. బూట్లు వేసుకోవాలనుకుంటే వేసుకోండి, కాలి మడమకి భద్రం, కానీ ఒకసారి తడిశాయంటే సాయంత్రం దాకా ఆ బరువు మీదే. ఇంకో జత సాక్సులు పెట్టుకోవడం తప్పనిసరి.

అన్నిటికంటే ప్రమాదం బీరువాలో ఏళ్ళ తరబడి పడుకున్న బూట్లు. మా బావమరిది కాలేజీ రోజుల నాటి స్పోర్ట్స్ షూ దులిపి తెచ్చాడు, పైకి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వరాహం దాటగానే కుడికాలి అడుగు ముందు నుంచి ఊడి, అడుగు వేసినప్పుడల్లా టపటపమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపలి జిగురు ఎండిపోయి పొడిపొడిగా రాలుతోంది. "బావా, ఏమైనా తాడుందా?" అన్నాడు. ఉంది, బట్టలు ఆరేసుకునే నైలాన్ తాడు రెండు మూరలు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వేళ్ళ దగ్గర ఒక చుట్టు, మడమ దగ్గర ఒక చుట్టు బిగించి కట్టాం. వంద అడుగులకోసారి జారిపోతుంటే ముడి పైకి జరుపుకుంటూ జ్వాలకెళ్ళి వచ్చాడు పాపం. బయల్దేరే ముందు వారం ఆ బూట్లు వేసుకుని మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగితే ఇంట్లోనే తెలిసిపోయే సంగతి.

దేవుడి కొండ కదా అని చెప్పులు కిందే వదిలి నడిచేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అలవాటున్నవాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది, తడి బండ మీద వట్టి పాదానికి ఉన్న పట్టు ఏ చెప్పుకీ లేదు. ఆఫీసులో కుర్చీ దిగని పాదాలతో మాత్రం ఆ సాహసం వద్దు, గులకరాళ్ళు, ముళ్ళు, ఎండ పెరిగాక కాలే బండలు, అన్నీ ఉన్నాయి.

కర్ర ఎగువ గుడి దగ్గర దుకాణాల్లోనే దొరుకుతుంది, చిల్లర డబ్బులతో పోయేది. వేలు పోసి కొన్న మడత కర్రలు తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, బాగానే ఉంటాయి, మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళకి హాయి. కానీ వాటి సన్నటి మొన రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది, పీకి తీసుకునేలోపు మన తూకం తప్పుతుంది. నాకు వెదురు కర్రే నచ్చింది. మా పిన్ని నున్నగా ఉందని ఒక సన్న కర్ర ఏరుకుంటే దుకాణంలో పెద్దావిడ లాక్కుని, "అది పుల్లమ్మా, ఇది పట్టుకో" అని మరోటి నేలకేసి రెండుసార్లు మోది ఇచ్చింది. భుజం ఎత్తుండాలి, బొటనవేలంత లావుకి తగ్గకూడదు, కింద చీలిక ఉండకూడదు. కోతులకి కూడా ఆ కర్ర భాష బాగా అర్థమవుతుంది.

కోతుల మాట వచ్చింది కాబట్టి సంచి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చేతిలో ప్లాస్టిక్ కవరు వేలాడిందంటే అది మీది కాదు, వాటిది. కవరు చప్పుడు వింటే చాలు, పై నుంచి దిగి నేరుగా చేతిలోకే వస్తాయి. అరటిపళ్ళు, కొబ్బరిచిప్పలు బయటికి కనిపించకూడదు. వీపుకి తగిలించుకునే చిన్న సంచి, జిప్పు గట్టిది, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అంతే. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకోవాల్సిన చోట హ్యాండ్‌బ్యాగు భుజం మీంచి జారుతుంటే దాన్ని సర్దుకోబోయి జారిపడ్డవాళ్ళున్నారు. ఫోను కూడా సంచిలోకే, ఫోటో తీయాలంటే నిలబడి తీయండి.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, ఎండాకాలమైతే మూడు. ఎవరి నీళ్ళు వాళ్ళే మోయాలి, ఒక్కడి సంచిలో అందరి సీసాలూ పెడితే వాడు వెనకబడ్డప్పుడు ముందున్నవాళ్ళకి గొంతెండుతుంది. దారిలో అక్కడక్కడ మజ్జిగ, సోడా, నిమ్మరసం అమ్మేవాళ్ళు కనిపిస్తారు, రద్దీ రోజుల్లో ఎక్కువమంది, మామూలు రోజుల్లో ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, వాళ్ళని నమ్ముకుని సీసా తగ్గించుకోవద్దు. వాగు నీళ్ళు చూడ్డానికి స్వచ్ఛంగా ఉంటాయి, కానీ పైన జనం స్నానాలు చేస్తూనే ఉంటారు. ఓఆర్ఎస్ పొడి పొట్లాలు రెండు పెట్టుకోండి, లీటరు నీళ్ళకి ఒక పొట్లం చొప్పున కలిపేవి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి రసాలు వేరు. హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని చెప్పింది, అయినా కొనేముందు పొట్లం మీద ఏముందో చదవడం మంచిదే.

తిండికి పులిహోర మించింది లేదు. చింతపండు పులుసు వల్ల మధ్యాహ్నం దాకా పాడవదు, చల్లారినా రుచి పోదు, స్టీలు డబ్బాలో పెడితే కారదు. పెరుగన్నం ఇష్టమే కానీ ఆ ఎండలో పులిసి కూర్చుంటుంది. చపాతీ చుట్టలు పర్లేదు. కిందికొచ్చాక దిగువలో భోజనం దొరుకుతుంది కాబట్టి పైకి విందు మోయనక్కర్లేదు, వేరుశనగ ఉండలు నాలుగు ఉంటే చివరి మెట్లకి సాయం.

బట్టల విషయంలో జీన్స్ వద్దు, అంతకంటే చెప్పడానికేం లేదు, తడిస్తే తెలుస్తుంది. ఎందుకు తడుస్తామంటే జ్వాల దగ్గర పై నుంచి పడే ధార కింద నుంచే దారి. వానలు తగ్గిన కొత్తలో వెళ్తే కొండచరియ అంచున కమ్మీ పట్టుకుని నడుస్తుంటే నీళ్ళు నెత్తి మీద, భుజాల మీద పడతాయి, కింద రాయి నల్లగా నున్నగా మెరుస్తుంటుంది, ముందున్న మనిషి ఎక్కడ పాదం పెడితే మనమూ అక్కడే పెట్టి కదులుతాం. ఆ ధార కిందికొచ్చి ఫోను కోసం కవరు వెతికితే లాభం లేదు, వరాహం దగ్గరే ఫోను, డబ్బులు, కారు తాళం ఒక జిప్పు కవరులో వేసి మూసేయాలి. రిమోట్ తాళం తడిసి బండి తెరుచుకోక కింద అవస్థపడే కుటుంబాన్ని చూశాను. గొడుగు దండగ, చెట్ల మధ్య తెరవడానికే ఉండదు. తువ్వాలు మాత్రం ఒకటి కాదు రెండు. తల తుడుచుకోవడానికి, ఎండకి కప్పుకోవడానికి, కూర్చోవడానికి, అవసరమైతే బెణికిన కాలికి చుట్టడానికి. కట్టుకి క్రేప్ బ్యాండేజీ ఒకటి, నాలుగు ప్లాస్టర్లు, మీరు రోజూ వేసుకునే మందులు ఉంటే ఆ పూటవి, మందుల పెట్టె అంతే.

టార్చి పగటి నడకకి ఎందుకని నవ్వకండి. జ్వాల పైన, నరసింహుడు చీల్చుకొచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం అనే కొండ ఎక్కుదామని ఆశపడేవాళ్ళు మధ్యాహ్నం దాటాక బయల్దేరితే లోయలో చీకటి ఊళ్ళో కంటే ముందే పడుతుంది. అది మెట్ల దారి కూడా కాదు, రాళ్ళు పట్టుకుని పాకాల్సిన చోట్లున్నాయి, స్థానికుణ్ణి తోడు తీసుకోకుండా వెళ్ళొద్దని నా గట్టి మాట. గైడుకిచ్చే డబ్బు దగ్గర బేరమాడి పవర్ బ్యాంకు మోసుకెళ్ళేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది, లోపల సిగ్నలే ఉండదు, ఛార్జింగ్ ఉండి ఎవరికి చేస్తారు? ఏ దారిన వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం అన్నది దిగువలో గది దగ్గర చెప్పి వెళ్ళడం ఎక్కువ మేలు. నల్లమల పులులున్న అడవి, సాయంత్రం తర్వాత ఉండనివ్వరు, ఉండకూడదు కూడా. మధ్యాహ్నం గుళ్ళు కాసేపు మూస్తారు, ఆ లెక్కన కూడా పొద్దున ఆరింటికల్లా ఎగువలో ఉండడమే తెలివి.

పెద్దవాళ్ళకి డోలీ ఉంది. మోసేవాళ్ళ కష్టం చూస్తే బేరమాడాలనిపించదు, కానీ ఎక్కడి దాకా మోస్తారు, తిరిగి తెస్తారా అన్నది ఎక్కే ముందే తేల్చుకోండి. మా పిన్ని డోలీ వద్దంది, మోకాలి పట్టీలు వేసుకుని మాలోల దాకా నడిచింది, దిగేటప్పుడు ఆ పట్టీలే కాపాడాయని ఇప్పటికీ చెబుతుంది.

ఇదే సంచి అన్ని అడవులకీ నడవదు. తిరుమలలో తుంబురు తీర్థం ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి పాపవినాశనం నుంచి నడిచేటప్పుడు టీటీడీ వాళ్ళు అన్నం, నీళ్ళు ఇస్తారు, అక్కడ పులిహోర డబ్బా తీసేసి ఆ చోటులో ఇంకో తువ్వాలు పెట్టుకోవచ్చు. తెలంగాణ వైపు నల్లమలలోని సలేశ్వరం చైత్ర పౌర్ణమి జాతర, అంటే ముదురు ఎండల్లో. "వస్తున్నాం లింగమయ్యా" అని అరుస్తూ దిగే జనంలో కర్ర ఊపడానికి కూడా చోటుండదు, అక్కడ నీళ్ళే ముఖ్యం, నెత్తికి తడిగుడ్డ ముఖ్యం, అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి ప్లాస్టిక్ సీసా కాకుండా స్టీలుది పెట్టుకోండి. తలకోనకైతే జలపాతానికి దగ్గరి దాకా రోడ్డే ఉంది, చుట్టూ కోతులున్నాయన్న ఒక్క జాగ్రత్త చాలు.

అహోబిలంలో పావన నరసింహుణ్ణి కూడా చూడాలంటే ఆ రోజుకే కుక్కొద్దు, మర్నాడు పొద్దున పెట్టుకోండి. దిగువ నుంచి జీపులు అడవిలోకి వెళ్తాయి. రోడ్డు అనడానికి లేదు, బండల మీద జీపు ఎగురుతుంటే పైకమ్మీకి తల తగులుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడిగి తీసుకోవాలి. మనిషికింతా, జీపుకింతా, పైన ఎంతసేపు ఆగుతారు, దారిలో భార్గవ నరసింహుడి గుడి చూపిస్తారా, ఇవన్నీ ఎక్కకముందే అడగండి. జీపెక్కేటప్పుడు కర్ర వెంట తీసుకెళ్ళక్కర్లేదు, లాడ్జి గుమ్మం దగ్గర వదిలేస్తే తర్వాత వచ్చినవాళ్ళు పట్టుకెళ్తారు.