ఒంటరి ప్రయాణం: రాత్రి రైలా, స్లీపర్ బస్సా?

హైదరాబాద్ నుంచి బెంగళూరో, చెన్నైయో ఒక్కరే వెళ్తున్నారా? రాత్రి బయల్దేరితే లాడ్జి అద్దె మిగులుతుంది.

ఖర్చు: రైల్లో బెర్త్ కావాలంటే స్లీపర్ క్లాసే చౌక. ప్రైవేటు బస్సు రేటు పండగలకు ఎంతకైనా పోతుంది.

టికెట్: రైలుకు 60 రోజుల ముందు తెరుస్తారు. తత్కాల్ (చివరి నిమిషం కోటా) ప్రయాణానికి ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. దీనికి ఐఆర్‌సీటీసీ (రైల్వే బుకింగ్ సైటు) ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. ఆర్‌ఏసీ (పూర్తి బెర్త్ ఖాయం కాని టికెట్) వస్తే సైడ్ లోయర్‌లో ఇద్దరు సర్దుకోవాలి. బస్సు చాలాసార్లు అదే రోజు దొరుకుతుంది.

బెర్త్: బస్సులో డబుల్ బుక్ చేస్తే పక్కన ముక్కూమొహం తెలియనివాళ్లు. సింగిలే తీసుకోండి, వెనక చక్రాల మీద మాత్రం వద్దు. రైల్లో అప్పర్ హాయి. బ్యాగును లోయర్ కింది రింగుకు గొలుసుతో కట్టాలి.

బాత్రూమ్: రైల్లో ఉంటుంది. బస్సులో డ్రైవర్ దయ.

దిగడం: బస్సు తెల్లవారకముందే బైపాస్‌లో దించేయొచ్చు, దిగే పాయింటు ముందే చూసుకోండి.

తేదీ ఖాయమైతే రైలు, అప్పటికప్పుడైతే బస్సు.